మచ్చ చొక్కా మీద లేదు

జూన్ 3, మంగళవారం

ఇవాళ అక్కని ఆస్పత్రికి వెళ్ళనివ్వలేదు. ఆపింది విజిల్.

వాడి పేరు రాయను. ఆ పేరుకి నా సిరా దండగ. చొక్కాల ఫ్యాక్టరీలో మా ఫ్లోర్ ఇన్‌ఛార్జి, మెడలో ఈల వేసుకుని తిరిగేవాడు, అంతే. బళ్ళో పిల్లల్ని ఆడించే మేస్టారి మెడలో ఉండాల్సిన ఈలని కుట్టుమిషన్ల మధ్య ఊదుతాడు. ఊదితే మనుషులు లేవాలి, మళ్ళీ ఊదితే కూర్చోవాలి.

అక్క పొద్దున్నే అడిగింది. "సార్, ఇవాళ నాకు కిడ్నీ క్లినిక్. రక్తం ఇచ్చేసి మధ్యాహ్నానికి వచ్చేస్తాను." రెండు వారాలకోసారి మంగళవారం నాడు చూపించుకోవాలని వాడికి తెలియనిది కాదు. అమ్మ కిడ్నీ అక్క ఒంట్లోకి వచ్చి ఏడాది కావస్తోంది. గేటు దగ్గర కాపలా కుక్కకి కూడా తెలుసు.

"షిప్‌మెంటు నెత్తిమీద కూర్చుందమ్మా. కిడ్నీ ఎక్కడికీ పారిపోదులే, వచ్చే క్లినిక్‌కి వెళ్ళు," అని నవ్వాడు. కొందరు వాడితోపాటు నవ్వారు. నవ్విన ముఖాలన్నీ నాకు గుర్తున్నాయి.

నేను ప్యాకింగ్ బల్ల వదిలేసి పరిగెత్తాను. "శ్రామికుల శరీరాలు యాజమాన్యం సొత్తు కాదు!" అని అరిచాను.

"ఏంటయ్యా కరపత్రం, ముందు నీ అట్టపెట్టెలు మూసుకో. తర్వాత నోరు మూసుకో."

కరపత్రం. వాళ్ళు వెక్కిరింతకి పెట్టిన పేరు. నాకది బిరుదు.

ఇంకో మాట అనేవాణ్ణే. అక్క నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "ఊరుకోరా. రెండు వారాలేగా."

రెండు వారాలేగా! ఈ సర్దుకుపోయే గుణమే వాళ్ళ అసలు పెట్టుబడి. మిషన్లూ షెడ్డూ కాదు.


జూన్ 5, గురువారం

అమ్మ పసిపిల్లల కేంద్రంలో ఆయా. పగలంతా పరాయి పిల్లల ముక్కులు తుడిచి, ఇంటికొచ్చి నీళ్ళ సీసా పట్టుకుని అక్క వెనకాల తిరుగుతుంది.

"నా సామాను నీ దగ్గరుంది. దానికి నీళ్ళు పొయ్యవే."

"ఇంతకీ ఇచ్చేశావా, అద్దెకిచ్చావా?"

"అద్దెకే. సరిగ్గా చూసుకోకపోతే ఖాళీ చేయిస్తా."

రోజూ ఇదే వేళాకోళం. రోజూ మొదటిసారి విన్నట్టు నవ్వుకుంటారు.

నీళ్ళ తర్వాత మాత్రలు. ఆపరేషనప్పుడు కిడ్నీ డాక్టరు చెప్పాడు: ప్రతి ఒంట్లోనూ ఒక కాపలావాడుంటాడట. పరాయిది ఏదొచ్చినా తరిమేస్తాడట, కన్నతల్లి కిడ్నీ అయినా సరే. వాణ్ణి జోకొట్టి ఉంచడానికే ఈ మాత్రలు, బతికున్నన్నాళ్ళూ. నాకా మాట అప్పుడే నచ్చలేదు. కాపలావాణ్ణి నిద్రపుచ్చి ఇల్లు కాపాడటమేమిటి?

మాత్రలు మింగి అక్క కళ్ళు నులుముకుంది. "ఎడం కంట్లో నలుసు పడ్డట్టుందిరా. దారపు పోగులు తేలుతున్నాయి."

"దుమ్ము," అన్నాను.

"కడిగాను. పోలేదు."

"రోజంతా ఆ దిక్కుమాలిన లైట్ల కింద తెల్లచొక్కాలు చూసేదానికి పోగులు కాక పూలు కనిపిస్తాయా?"

అన్నాక నాకే తట్టింది. లైట్లు!


జూన్ 7, శనివారం

అసలు దొంగ దొరికాడు.

చెకింగ్ బల్లల మీది ట్యూబులైట్లు ఇవాళ తలెత్తి చూశాను. రెండు చివర్లా మసిబారిపోయి ఉన్నాయి. అక్క బల్ల మీది లైటు జ్వరమొచ్చిన మనిషిలా రెప్పలు కొట్టుకుంటోంది. వాటి కింద మా ఆడవాళ్ళు పొద్దున ఎనిమిదినుంచీ కళ్ళల్లో వత్తులు వేసుకుని మచ్చలు వెతుకుతున్నారు. వాళ్ళ చూపు పిండి చొక్కాకి ఇస్త్రీ చేస్తున్నారు! (ఈ వాక్యం బాగుంది. కరపత్రంలో వాడాలి.)

"నొప్పిగా ఉందా?" అని అక్కని అడిగాను.

"నొప్పేం లేదు. మంచు పట్టినట్టుంది, అంతే."

నొప్పి లేదంటే జబ్బు కాదు. అలుపు. లైట్ల వల్లే.


జూన్ 9, సోమవారం

అక్క పని ఇది: వాలుబల్ల మీద చొక్కా పరిచి, కాలరు దగ్గర మొదలుపెట్టి కింది అంచు దాకా చూడటం. మచ్చ ఉన్నా, కుట్టు తప్పినా, అక్కడొక ఎర్ర బాణం స్టిక్కరు అంటించడం. బాణం పడ్డ చొక్కా వెనక్కి పోతుంది. పడనిది నా పెట్టెలోకి వస్తుంది. ఫ్లోరు మొత్తంలో అక్క కంటికి సాటి లేదు. మా ఇంట్లో కూడా గుమ్మం అవతల నిలబడే నా కాలరు మీది మాపు పట్టేస్తుంది.

ఇవాళ విజిల్ ఒక చొక్కా పట్టుకొచ్చి అందరి ముందూ దులిపాడు. దానినిండా బాణాలు.

"ఏమ్మా, ఈ బాణాలన్నీ ఏం చూపిస్తున్నాయి? నాకేం కనపడ్డం లేదు. భూతద్దం తెప్పించమంటావా?"

"మచ్చలు సార్."

"ఏవీ?"

అక్క వేలు పెట్టింది. తీసింది. ఇంకోచోట పెట్టింది. తీసేసి చెయ్యి కొంగులో దాచుకుంది. ఫ్లోరంతా నవ్వింది. పక్కబల్ల పిన్ని ఒక్కతే నవ్వలేదు. (మాకేం వరస కాదు, అందరికంటే పెద్ద చెకర్ కాబట్టి అందరికీ పిన్నే.)

మొదట నాకు రక్తం ఉడికిపోయింది. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. మంగళవారం ఆపినందుకు ఇది అక్క సమాధానం! నినాదం లేదు, అరుపు లేదు. మంచి చొక్కాకో బాణం! ఆ బాణాలు చొక్కాలకి కాదు, వాళ్ళకి తగులుతున్నాయి.

సాయంత్రం దారిలో అన్నాను. "అక్కా, నాకు అర్థమైంది."

"ఏం అర్థమైంది?"

"నువ్వేం చెప్పక్కర్లేదు."

"అది కాదురా, చెప్పనీ, నాకు..."

"చెప్పక్కర్లేదన్నానుగా. గోడలకి చెవులుంటాయి."


జూన్ 10, మంగళవారం

ఇవాళ కూడా బాణాలు. శభాష్ అక్కా.


జూన్ 12, గురువారం

పెట్టెలో సర్దుతుంటే ఒక చొక్కా. జేబు మీద మిషన్ నూనె మరక, నాణెమంత. గుడ్డివాడికి కూడా కనపడుతుంది. లోపల అక్క నంబరు. అక్క పాస్ చేసింది.

మంచివి ఆపి, చెడ్డవి పంపడం. రెండంచుల కత్తి! ఇంత తెలివి నాకు తట్టలేదు.

అయినా ఎందుకో దాన్ని పెట్టె అడుగున పెట్టేశాను. నూనె మరక వదిలెయ్యడం అక్క చెయ్యదగ్గ పని కాదు, కోపంలో కూడా కాదు. సరే. దాని గురించి ఆలోచించను.


జూన్ 13, శుక్రవారం

కరపత్రం పూర్తయింది. "చరిత్ర రథచక్రాల కింద నలిగే కంటిపాపల్లారా!" అని మొదలు. భోజనాల వేళ చెకర్లకి చదివి వినిపించాను. పిన్ని డబ్బా మూత పెట్టి లేచింది.

"ఒరేయ్ కరపత్రం, నీ నోటికి కాజా కుట్టారుగానీ గుండీ కుట్టలేదురా. లైట్లు మార్చమని ఒక ముక్కలో అడగలేవూ? మధ్యలో ఈ రథాలెందుకు?"

"చైతన్యం రావాలి పిన్నీ."

"నా కళ్ళజోడు చూడు, మూడుసార్లు అద్దం మార్చారు. ఇంకా చైతన్యం కావాలట్రా నాకు?" అని సంతకం పెట్టింది. తర్వాత అందరూ పెట్టారు. అక్క కూడా పెట్టింది. గీత మీద పెట్టమంటే గీత కింద పెట్టింది. తొందరలో.


జూన్ 14, శనివారం

గెలిచాం!!

టీ విరామం అయ్యాక విజిల్ ఊదాడు. చెకర్లు ఎవరూ కూర్చోలేదు. మళ్ళీ ఊదాడు. బల్లల పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. మూడోసారి ఊదేసరికి ఈలలో గాలి తప్ప చప్పుడు రాలేదు. పిన్ని తలమీది లైటు వైపు వేలు చూపించింది, అంతే. విజిల్ మేడమీదికి పరుగెత్తాడు. దిగొచ్చి చెప్పాడు: మంగళవారం లైట్లన్నీ మారుస్తారు, యజమాని తనే వచ్చి చూస్తాడు.

అక్క ఒక చెయ్యి ఒక కంటికి అడ్డం పెట్టుకుని, తీసి, రెండో కంటికి పెట్టుకుని నిలబడింది. దూరంనుంచి సెల్యూట్ చేస్తున్నట్టుంది.


జూన్ 16, సోమవారం

విజిల్ ఎత్తు చూడండి. (ఎవర్ని చూడమంటున్నాను? సరే.)

వాడే అక్క బల్ల దగ్గరికొచ్చి, "రేపు నీ క్లినిక్ కదమ్మా, వెళ్ళిరా," అన్నాడు. గొంతులో తేనె. పోయినసారి షిప్‌మెంటు, ఈసారి దయ! యజమాని వచ్చే రోజున ఈ పోరాటానికి కారణమైన మనిషి అక్కడ ఉండకూడదు, అదీ సంగతి. ఖాళీ బల్ల చూపించి, అబ్బే ఇక్కడేం గొడవ లేదండీ అంటాడు.

అక్క అప్పటికే సంచి సర్దుకుంది. నేను ఒక్క మాటే అన్నాను. "రేపు నీ బల్ల ఖాళీగా ఉంటే వాడు గెలిచినట్టే." అంతే. బలవంతపెట్టలేదు. అక్క తనే ఉంటానంది.

"ఒక్కరోజుకి లైట్లు పారిపోతాయట్రా?" అంది అమ్మ.

"రెండు వారాలేగా అమ్మా," అన్నాను.


జూన్ 17, మంగళవారం

చూశానమ్మా, ఇవాళ నా కళ్ళతో చూశాను! స్విచ్ వెయ్యగానే ఫ్లోరంతా పాలు ఒలికినట్టయింది. పిన్ని కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఒక్క కాగితం, పదిమంది నిలబడటం. అంతే కావాలి ప్రపంచానికి!

యజమాని అక్క బల్ల దగ్గర ఆగాడు. "ఏమ్మా, ఇప్పుడు బాగా కనిపిస్తోందా?"

అక్క నా వైపు చూసింది. నేను ఇంత ముఖం చేసుకుని నవ్వుతున్నాను.

"చాలా బాగా కనిపిస్తోంది సార్," అంది.


జూన్ 18, బుధవారం

లైట్లు బాగున్నాయి. అక్క ఇవాళ కూడా మంచి చొక్కాలకి బాణాలంటించింది. అలవాటు పోలేదనుకుంటా. దుమ్ము కూడా కావచ్చు. షెడ్డు బూజు దులిపించమని అడగాలి.


జూన్ 19, గురువారం

మచ్చ చొక్కా మీద లేదు.

అక్క మాట అది. మధ్యాహ్నం నన్ను తన బల్ల దగ్గరికి పిలిచింది. ఉతికిన మల్లెపువ్వులాంటి చొక్కా పరిచింది.

"దీనిమీద మచ్చ ఉందా?"

"లేదు."

"నాకుంది. ఇప్పుడు చూడు." చొక్కాని పక్కకి జరిపింది. "చొక్కా జరిగింది, మచ్చ జరగలేదు. ఇప్పుడు నేను చూపు తిప్పుతాను. మచ్చ నా కూడా వచ్చేసింది. మచ్చ చొక్కా మీద లేదురా. నామీద ఉంది."

కుడికన్ను అరచేత్తో మూసుకుని పక్కబల్ల వైపు తిరిగింది. "పిన్నీ, నీ గడ్డం ఏదీ?"

పిన్ని నవ్వబోయి ఆగిపోయింది.

"పిన్ని ముఖం కిందిసగం లేదు నాకు. బూడిదరంగు తెర."

"ఎప్పట్నుంచి?"

"తెర మూణ్ణాలుగు రోజులు. మచ్చ నాలోదేనని అంతకుముందే తెలుసు. అందుకే ఒక చొక్కా మీద నిజం మరక కూడా వదిలేశాను. అదీ నాలోదే అనుకున్నాను."

"మరి చెప్పలేదేం!" అని అరిచాను. అంతమందిలో, ఆ కొత్త లైట్ల కింద, అక్క మీద అరిచాను.

"నువ్వు చెప్పనిచ్చావా?"

విజిల్ ఊదుతూనే ఉన్నాడు. అక్క చెయ్యి పట్టుకుని గేటు దాటించాను. ఊదుకోరా, ఊపిరి పోయేదాకా ఊదుకో.


జూన్ 20, శుక్రవారం

కంటి డాక్టరు మా అక్క వయసే ఉంటుంది. నిన్న చుక్కలు వేసి, చీకటిగదిలో లోపలికి చాలాసేపు చూసింది. ఇవాళ కంటిలోంచి రవ్వంత నీరు తీసి పరీక్షకి పంపింది. తర్వాత మాకు చెప్పింది.

ఈ వైరస్ చాలామంది ఒంట్లో ఉంటుందట. నా ఒంట్లోనూ ఉండొచ్చట. కాపలావాడు మెలకువగా ఉంటే అది ఓ మూల ముడుచుకుని పడుకుంటుందట. మాత్రలతో వాణ్ణి జోకొట్టినవాళ్ళలో, వేరే జబ్బులతో వాడు నీరసించినవాళ్ళలో, లేచి తిరుగుతుందట. తిరిగి తిరిగి కంటి లోపలి పొరని తినేస్తుందట. బొమ్మ పడేది ఆ పొర మీదే.

"నొప్పి లేదు కదా అని ఆగారు కదూ? దీనికి నొప్పి ఉండదు. అదే దీని దుర్మార్గం," అంది.

"పోయిన చూపు వస్తుందా?" అక్క అడిగింది.

"పోయిన ముక్క రాదు. మిగిలింది నిలబెట్టాలి. కుడికన్ను ఇంకా శుభ్రంగా ఉంది, దాన్ని కాపాడాలి. రోజూ నరానికి మందు. కంట్లో కూడా ఇంజెక్షన్లు. ఒక్కటి కూడా తప్పకూడదు. పొర పల్చబడింది, ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది."

కిడ్నీ డాక్టరొచ్చి కాపలావాణ్ణి జోకొట్టే మాత్రల మోతాదు కొంచెం తగ్గించాలన్నాడు. మరీ తగ్గిస్తే కాపలావాడు లేచి అమ్మ కిడ్నీ మీద పడతాడు. తగ్గించకపోతే కన్ను పోతుంది. అందుకని రక్తం చూసుకుంటూ, వెంట్రుకంత వెంట్రుకంత తగ్గించాలట. "క్లినిక్‌కి వచ్చి ఉంటే రక్తపరీక్షలో ముందే అనుమానం వచ్చేది," అని కూడా అన్నాడు.

"ఈ జబ్బు వస్తుందని మీరు ముందు చెప్పొద్దా! పేదవాళ్ళ కళ్ళంటే మీకు లెక్కలేదు!" అని లేచాను.

కంటి డాక్టరు చుక్కలమందు సీసా పట్టుకుని నిలబడింది. "అరవండి. కానీ బయటికెళ్ళి అరవండి. లోపల నేను ఈవిడకి చుక్కలు వెయ్యాలి."

బయటికెళ్ళాను. అరవలేదు.


జూన్ 21, శనివారం

ఆపింది విజిల్. జూన్ 3, మంగళవారం, ఆపింది విజిల్. షిప్‌మెంటు అన్నది వాడు. నవ్వింది వాడు. వాడు ఆపకపోతే ఇదంతా లేదు.

ముందు పేజీలు తిరగెయ్యను. అవసరం లేదు.


జూన్ 23, సోమవారం

అమ్మ నాతో రెండు రోజులుగా మాట్లాడలేదు. ఇవాళ వార్డు బయట బెంచీ మీద కూర్చుని, నా వైపు తిరక్కుండా అడిగింది.

"ఆపరేషనయ్యి ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ చెప్పింది కదరా, కంట్లో చుక్కలుగానీ దారాలుగానీ కనిపిస్తే ఆ రోజే తీసుకురమ్మని. నువ్వే తలూపావు."

నేను ఊపానా? ఊపే ఉంటాను. అప్పుడు నా చేతిలో ఒక పుస్తకం ఉంది. ప్రపంచంలో ఏ మూల ఎవరు ఎవర్ని దోచుకుంటున్నారో అందులో ఉంది.

"అమ్మా, ఆ విజిల్‌గాడు..."

"వాడు ఒక మంగళవారం ఆపాడు. రెండో మంగళవారం ఎవరాపారు?"

లోపల్నుంచి అక్క కేకేసింది. "అమ్మా, నీ సామానుకి నీళ్ళు కావాలట!" అమ్మ లేచి వెళ్ళింది.

అక్క చెవులు కూడా చాలా పదును.


జూన్ 25, బుధవారం

కంట్లో సూది.

తలుపు సందులోంచి చూశాను. చూడకుండా ఉండాల్సింది. అక్క కాలి వేళ్ళు దుప్పటి కింద ముడుచుకున్నాయి. అంతే, ఇంకేం కదల్లేదు. నేను పోరాటం అని ఎన్నిసార్లు రాశానో ఈ పుస్తకంలో! ఆ వేళ్ళు చూశాక ఆ మాట రాయాలంటే సిగ్గేస్తోంది.

బయటికొచ్చాక గోడ పట్టుకుని నడుస్తూ అంది. "భయపడి చచ్చాను గానీ, సూది ఏ వైపునుంచి వస్తోందో కనపడలేదురా. ఆ మూల నాకు ఎలాగూ లేదుగా."

నవ్వమని చూసింది. నవ్వలేకపోయాను. "పోరా, నీకు హాస్యం తెలీదు," అంది.


జూన్ 27, శుక్రవారం

ఇవాళ ఫ్యాక్టరీకి వెళ్ళి విజిల్‌ని అడిగాను. మర్యాదగానే అడిగాను. సార్ అన్నాను. అక్కకి చికిత్స పూర్తయ్యేదాకా సెలవు కావాలి, తర్వాత కుడికంటితో చెయ్యగలిగే పని ఏదైనా ఇవ్వండి, గుండీలు సర్దడమైనా సరే అన్నాను.

"ఒంటికన్ను చెకర్‌తో నేనేం చేసుకోనయ్యా? వచ్చే మంగళవారం ఒకటో తారీఖు. ఆ పొద్దున బల్ల దగ్గర కూర్చుంటే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే పేరు కొట్టేస్తారు. కొత్తమ్మాయి సిద్ధంగా ఉంది."

"మంగళవారం ఆస్పత్రి సార్. కిడ్నీ క్లినిక్, మళ్ళీ కంట్లో ఇంజెక్షన్. తప్పకూడదన్నారు."

"మరి పోయిన మంగళవారాలు ఎలా తప్పాయి? పదిహేడున నేనే పొమ్మన్నానుగా. వెళ్ళలేదే!"

కొట్టాలని చెయ్యి లేచింది. ఎవర్ని కొట్టాలో తెలియక దిగిపోయింది.

పేరు కొట్టేస్తే ఉద్యోగం ఒక్కటే కాదు పోయేది. ఫ్యాక్టరీ కార్డు మీద వచ్చే మందులు ఆగిపోతాయి. కన్ను నిలబడాలంటే మంగళవారం ఆస్పత్రిలో ఉండాలి. కిడ్నీ నిలబడాలంటే మంగళవారం బల్ల దగ్గర ఉండాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది.

పిన్ని గేటు దగ్గర కాచుకుని ఉంది. అంతా విని, కళ్ళజోడు తుడుచుకుని అంది. "నాకు షుగరు పరీక్షని నెలల తరబడి ఆపాడురా వీడు. ఆ చివరిబల్ల పిల్ల గర్భంతో ఉండి కూడా చూపించుకోలేదు. ఎవరి మంగళవారం వాళ్ళం మింగేసి కూర్చున్నాం." కళ్ళజోడు పెట్టుకుని, "ఏదో రాస్తావుగా, రాయి. ఈసారి రథాలు తోలకు."


జూన్ 29, ఆదివారం

పొద్దున్నే కూర్చుని కరపత్రం రాశాను. మూడు పేజీలొచ్చింది. నరం మందు బదులు మాత్రలిచ్చి అక్కని నిన్న ఇంటికి పంపారు. మంచం మీద పడుకుని ఉంది, ఎడం కంటి మీద గాజుగుడ్డ.

"చదువు," అంది.

"రక్తపిశాచుల కోరల్లో చిక్కిన..."

"బాణం."

"ఏంటి?"

"అక్కడ బాణం అంటించు. రక్తపిశాచి ఎవరూ చూళ్ళేదు. విజిల్‌ని అందరూ చూశారు. తీసెయ్."

తీసేశాను. ఇంకో వాక్యం చదివాను. బాణం. ఇంకోటి. బాణం. "చరిత్ర" దగ్గర బాణం. "కంటిపాపల్లారా" దగ్గర రెండు బాణాలు. వంటింట్లో అమ్మ నవ్వు వినపడింది, వారంలో మొదటిసారి. నాకు కోపమొచ్చి కాగితం విసిరేశాను.

"మరి నువ్వే చెప్పు!"

"రాసుకో. ఒంట్లో బాగాలేనివాళ్ళు ఆస్పత్రికి వెళ్ళే రోజున వాళ్ళని ఎవరూ ఆపకూడదు."

"అంతేనా? ఎవరు ఆపారో రాయొద్దా? నేరం పేరుపెట్టి చెప్పాలక్కా! విజిల్ ఆపాడని..."

"చెబుదాం. ఇన్‌ఛార్జి అయినా ఆపకూడదు."

"ఇన్‌ఛార్జి అయినా," రాశాను.

"యజమాని వస్తున్నాడనైనా ఆపకూడదు."

రాశాను.

"తమ్ముడైనా ఆపకూడదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

అక్క కుడికన్ను కప్పు వైపు చూస్తోంది, నా వైపు కాదు. ఏదో ఒకటి అనాలని చూశాను. లైట్ల గురించి, విజిల్ ఎత్తు గురించి, నేను ఒక్క మాటే అన్నానని. ఒక్క మాట సరిపోతుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు? మాటతో లైట్లు మార్పించినవాణ్ణి.

"రాశావా?"

"రాశాను."

"చదువు."

"ఇన్‌ఛార్జి అయినా, యజమాని వస్తున్నాడనైనా, ఎవరైనా..."

"మింగేశావు."

"మింగలేదు."

"నాకు కన్ను పోయిందిరా, చెవి కాదు. మళ్ళీ చదువు."

చదివాను. గట్టిగా చదివాను. ఈసారి బాణం పడలేదు.

తర్వాత అక్క నిద్రపోయింది. నేను కూర్చుని శుభ్రంగా తిరగరాశాను. మధ్యాహ్నం ప్రెస్సులో ఇచ్చొస్తాను. పిన్ని అప్పుడే తన లైనంతటికీ చెప్పిందట, చివరిబల్ల పిల్ల అందరికంటే ముందు వస్తానందట. కొత్త చెకర్‌గా రావాల్సిన అమ్మాయికి కూడా ఒకటి ఇమ్మని అక్క చెప్పింది. "ఆమెకీ ఒళ్ళుంటుందిగా."

నా కోపం తగ్గలేదు. తగ్గించుకోను కూడా. కాకపోతే ఇన్నాళ్ళూ దానికి కళ్ళు లేవు. అచ్చుకి వెళ్ళేది ఇది:

"చెకింగ్ బల్లల వాళ్ళకి, మిషన్ల వాళ్ళకి, ప్యాకింగ్ వాళ్ళకి.

మా అక్క మీ చొక్కాల మీద మచ్చలు వెతికిన మనిషి. కంటి జబ్బుతో ఆమె ఎడంకంటి చూపు చాలావరకు పోయింది. కుడికన్ను నిలబడాలంటే మంగళవారం ఆస్పత్రిలో ఉండాలి. అదే మంగళవారం బల్ల దగ్గర లేకపోతే పేరు కొట్టేస్తామని ఫ్లోర్ ఇన్‌ఛార్జి చెప్పాడు.

ఒంట్లో బాగాలేనివాళ్ళు ఆస్పత్రికి వెళ్ళే రోజున వాళ్ళని ఎవరూ ఆపకూడదు. ఇన్‌ఛార్జి అయినా, యజమాని వస్తున్నాడనైనా, తమ్ముడైనా.

కంట్లో చుక్కలు, దారాలు, మంచు, మెరుపులు కనిపిస్తే లైట్లని తిట్టుకుంటూ కూర్చోకండి. ఒక కన్ను మూసి రెండో కంటితో చూసుకోండి. తేడా ఉంటే ఆ రోజే డాక్టరుకి చూపించండి. ఒంటి కాపలా తగ్గించే మాత్రలు వాడేవాళ్ళు అసలు ఆగకండి.

మా అక్క తన పేరు కొట్టెయ్యొద్దని గేటు దగ్గర అడిగి, అక్కణ్ణుంచి ఆస్పత్రికి నడుస్తుంది. ఎడంపక్క ఆమెకి కనపడదు. ఆ పక్కన మనం నడవాలి.

జూలై ఒకటి, మంగళవారం. పొద్దున ఏడున్నర. ఫ్యాక్టరీ గేటు. ఈల మోగకముందే రండి."